పరిపక్వత అంటే ఏండ్లా, వరాలా? సంఘ పెద్దను ఎంచేటప్పుడు ఏం చూడాలి?

ప్రశ్న: దేవరకొండ తమ్ముడు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. దేవరకొండ అవతల పల్లె సంఘం మాది, 60 కుటుంబాలు ఉంటయి. వచ్చే నెల ఇద్దరు సంఘ పెద్దలను కొత్తగా ఎంచుకోవాలి. రెండు పేర్ల దగ్గర మాట ఆగింది. ఒకరు బాప్తిస్మం తీసుకొని 25 ఏండ్లు దాటిన పెద్దమనిషి. ఒక్క ఆదివారం తప్పడు, కానీ సంఘంలనే ఇద్దరు ముగ్గురితో మాటల్లేవు. ఇంకొకరు రెండేండ్ల కింద రక్షణలోకి వచ్చిన తమ్ముడు. ప్రార్థన చేస్తే అందరి కండ్లల్ల నీళ్ళొస్తయి, భాషల వరం (ఆత్మ నడిపింపుతో తెలియని భాషల్ల ప్రార్థించడం) ఉంది, పాట మంచిగ పాడతడు.

"ఆత్మీయ పరిపక్వత" అనే మాట రెండు దిక్కులవాళ్ళూ వాడుతున్నరు. వాక్యం ప్రకారం దాని అర్థం ఏంది? బయటికి ఎట్ల కనపడుతది? లేనివాళ్ళలో పెరగాలంటే వారం వారం ఏం చెయ్యాలి? "వాక్యం చదవండి, ప్రార్థన చెయ్యండి" అని ఎప్పుడూ వింటనే ఉన్నం. ఎంత చదవాలి, ఎట్ల చదవాలి, ఎక్కడ తప్పిపోతం, అది చెప్పండి.

జవాబు: మిర్యాలగూడ వాక్యపాఠం

తమ్ముడూ, వందనాలు. మీ ఊరి రెండు వాదనలకూ కొత్త నిబంధనలోనే జవాబు ఉంది.

ముందు ఏండ్ల సంగతి. హెబ్రీ 5:12 తెరవండి. "కాలమునుబట్టి చూచితే మీరు బోధకులుగా ఉండవలసినవారై యుండగా" అని మొదలుపెట్టి, మీకు మళ్ళీ మూలపాఠాలు చెప్పాల్సి వస్తోంది, ఇంకా పాలే తాగుతున్నారు అంటుంది ఆ పత్రిక. కాలం గడిచింది గానీ మనిషి ఎదగలేదు. కాబట్టి 25 ఏండ్లు అనేది ఒక లెక్క మాత్రమే, సాక్ష్యం కాదు.

ఇక వరాలు. 1 కొరింథీ 1:7లో కొరింథు సంఘానికి ఏ కృపావరంలోనూ లోపం లేదని ఆ పత్రిక రాసిన పౌలే ఒప్పుకుంటాడు. 3వ అధ్యాయానికి వచ్చేసరికి అదే సంఘాన్ని క్రీస్తునందు పసిబిడ్డలు అంటాడు. ఎందుకు? 3:3లో చెప్పాడు: అసూయ, కలహం. "నేను పౌలువాడను", "నేను అపొల్లోవాడను" అనే గుంపులు. బోధ తక్కువై అలా అయ్యారా అంటే అదీ కాదు, స్వయంగా పౌలే అక్కడ ఏడాదిన్నర ఉండి వాక్యం బోధించాడు (అపొ. కార్యములు 18:11). వరం ఇచ్చేవాడు దేవుడు, అది ఒక్క రోజులో రావచ్చు. ఫలం అలా రాదు. గలతీ 5:22, 23లో ఆత్మ ఫలంగా చెప్పిన తొమ్మిదింటిలో పాట లేదు, భాష లేదు, దర్శనం లేదు. దీర్ఘశాంతం ఉంది, ఆశానిగ్రహం ఉంది.

మరి పరిపక్వత అంటే ఏమిటి? నా మట్టుకు దీని తాళంచెవి హెబ్రీ 5:14లో ఉంది. వయసు వచ్చినవారు "అభ్యాసముచేత మేలు కీడులను వివేచించుటకు సాధకము చేయబడిన జ్ఞానేంద్రియములు" కలిగినవారట. "సాధకము" అన్న ఆ మాటను చదివి దాటేయకండి. మూల గ్రీకులో అది వ్యాయామశాల మాట, దేహానికి కసరత్తు చేయించడం. ఆ క్రియ కొత్త నిబంధన మొత్తంలో నాలుగు చోట్లే వస్తుంది. ఒకటి ఇది. రెండోది 1 తిమోతి 4:7, దేవభక్తి విషయంలో నీకు నీవే సాధకం చేసుకో అని. మూడోది హెబ్రీ 12:11, శిక్షలో అభ్యాసం కలిగినవారికి సమాధానకరమైన ఫలం వస్తుందని. నాలుగోది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. 2 పేతురు 2:14లో అబద్ధ బోధకుల గురించి చెబుతూ, వాళ్ళది లోభంలో సాధకం చేయబడిన హృదయం అంటాడు. అంటే కసరత్తు ఎప్పుడూ జరుగుతూనే ఉంది. కోపం వచ్చినప్పుడల్లా అరిచేవాడు అరవడం సాధన చేస్తున్నాడు. 25 ఏండ్లు మందిరానికి వస్తూ పక్కవాడితో మాట్లాడకుండా ఉన్నవాడు ఆ మౌనాన్నే 25 ఏండ్లు సాధన చేశాడు. ఏ దిక్కు సాధన చేస్తే మనిషి ఆ దిక్కే ముదురుతాడు.

మన నల్లగొండ దిక్కు బత్తాయి తోట ఉన్నవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. బత్తాయిని గింజ నాటి పెంచరు, రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటు కడతారు. అంటు పట్టినాక కూడా ఆ కట్టు కింద నుంచి నిమ్మ పిలకలు వస్తూనే ఉంటాయి. ముళ్ళతో, చిక్కటి ఆకుతో, పైనున్న బత్తాయి కొమ్మ కంటే ఏపుగా లేస్తాయి. తెలియనివాడు చూసి "చెట్టు బాగా పెరుగుతోంది" అంటాడు. తెలిసిన రైతు వంగి, అంటు ఎక్కడుందో వేలితో తడిమి, దాని కింద లేచినదాన్ని మొదట్లోనే తుంచేస్తాడు. వదిలేస్తే చెట్టు బలమంతా దానికే పోతుంది. అందుకే మొక్కకు ఎంత పచ్చదనం ఉందని కాదు, ఆ పచ్చదనం అంటు పైనుంచి వచ్చిందా కిందనుంచి వచ్చిందా అని చూడాలి. ఉత్సాహంగా పనిచేసే విశ్వాసిలో కూడా పేరు కోసం లేచే పిలక ఉండొచ్చు.

ఇంకొక్క మాట. ఫిలిప్పీ 3:12లో పౌలు తాను ఇంకా సంపూర్ణ సిద్ధి పొందలేదంటాడు. మూడు వచనాల తర్వాత 3:15లో "మనలో సంపూర్ణులమైన వారమందరము ఈ తాత్పర్యమే కలిగియుందము" అంటాడు. గ్రీకులో రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. ఇంకా చేరలేదని ఎరిగి పరుగెత్తుతున్నవాడే ఎదిగినవాడు. "నేను పరిపక్వత పొందాను" అని తన నోటితో చెప్పుకునేవాణ్ణి మీరు ఇంకొన్నాళ్ళు గమనించాల్సిందే.

జవాబు: జడ్చర్ల అక్క (స్త్రీల కూడిక)

వందనాలు తమ్ముడూ. పైన చెప్పిన "సాధకం" వారంలో ఎట్లా ఉంటుందో చెప్తాను.

చదువు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒక్కటి చదివితే 52 వారాల్లో సరిగ్గా అయిపోతుంది. బైబిలు మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకు 3, ఆదివారం 5 చొప్పున ఏడాదిలో పూర్తవుతుంది. కానీ కొత్తవాళ్ళకు ఈ రెండో లెక్క ఇవ్వకండి. జనవరి 1న ఆదికాండముతో మొదలుపెడతారు, 50 అధ్యాయాలు. తర్వాత నిర్గమకాండము 40. నెలాఖరుకు లేవీయకాండములో బలుల విధులు వస్తాయి, చదివిచెప్పేవాళ్ళు లేక అక్కడ ఆగిపోతారు. ఆగిపోయినందుకు సిగ్గుపడి బైబిలు తెరవడమే మానేస్తారు. ఏటా ఇదే జరుగుతుంది. దానికంటే మార్కు సువార్తతో మొదలుపెట్టించండి, 16 అధ్యాయాలు, 16 రోజులు. తర్వాత యాకోబు పత్రిక, 5 అధ్యాయాలే, రోజుకు సగం అధ్యాయం చొప్పున, పత్రిక మొత్తం రెండు సార్లు. దానితోపాటు రోజుకు ఒక కీర్తన.

ఎన్ని చదివామన్న దానికంటే చదివినాక ఏం చేస్తామన్నది ముఖ్యం. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి మూడు ముక్కలు రాయాలి. ఈ భాగం ఎవరికి రాశారు. దేవుని గురించి ఏం చెప్పింది. నేను దేనికి లోబడాలి. ఈ మూడోదాన్ని "ప్రేమగా ఉండాలి" అని రాస్తే పనికిరాదు. ఎవరితో, ఏ రోజు, ఏం చేస్తానో రాయాలి. ఎఫెసీ 4:26 చదివామనుకోండి, సూర్యుడు అస్తమించేదాకా కోపం ఉండకూడదు అని. అప్పుడు "గురువారం సాయంత్రం తోడికోడలి ఇంటికి పోయి ముందు నేనే పలకరిస్తాను" అని రాయాలి. వచ్చే వారం కూడికలో అడగాల్సింది కూడా అదే, పోయావా లేదా అని. పోలేదంటే తిట్టొద్దు, అదే పనిని మరుసటి వారానికి రాయించండి. వారం వారం కొత్త పాఠం చెప్పుకుంటూ పోయి, పాతదానికి లోబడ్డారో లేదో అడగకపోవడమే మన కూడికల్లో పెద్ద లోపం. చెవి పెరుగుతుంది, చెయ్యి పెరగదు.

చదువురాని అక్కలు ఉంటారు కదా, పత్తి ఏరడానికి పొద్దున్నే పోయేవాళ్ళు. వాళ్ళను వెనకబడినవాళ్ళ కింద జమకట్టొద్దు. ఫోనులో తెలుగు ఆడియో బైబిలు పెట్టి, వారానికి ఒకే ఒక్క భాగం, ఎనిమిది పది వచనాలకు మించకుండా, రోజూ అదే వినిపించండి. శనివారానికి దాదాపు నోటికి వస్తుంది. మొదటి శతాబ్దపు సంఘాల్లో కూడా పత్రికను ఒకరు పైకి చదివితే మిగతావాళ్ళు విన్నారు (కొలొస్సయి 4:16, ప్రకటన 1:3). చూసి చదివి మరిచిపోయేదానికంటే విని గుర్తుంచుకునేది గట్టిగా నిలుస్తుంది.

వాగ్దాన కార్డుల గురించి చెప్పకుండా ఉండలేను. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో ఒక్కొక్కరు ఒక వచనం తీసుకుంటారు, ఏడాదంతా దాని మీదే బతుకుతారు. వచనం తీసుకోవడం తప్పు కాదు, దాని ముందూ వెనకా చదవకపోవడం తప్పు. యిర్మీయా 29:11 చాలామందికి వస్తుంది, సమాధానకరమైన ఉద్దేశములు అని. పై వచనంలోనే బబులోనులో 70 ఏండ్లు గడిచినాక అని ఉంది. 5వ వచనంలో ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, 7వ వచనంలో మిమ్మల్ని చెరపట్టుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉంది. అది చదివినామె "ఈ ఏడు నా కష్టం తీరుతుంది" అని కాక "కష్టంలో ఉండగానే ఇక్కడ ఏం నాటాలి" అని అడుగుతుంది. పాలనుంచి అన్నానికి రావడం అంటే ఇదే. మార్చి కల్లా కష్టం తీరలేదని విశ్వాసం వదిలేసేవాళ్ళలో ఎక్కువమంది ఆ కార్డును సందర్భం లేకుండా పట్టుకున్నవాళ్ళే.

ఉపవాసం శుక్రవారం చేస్తారు మన దిక్కు. నీళ్ళు తాగుతూ చెయ్యాలి, మన ఎండలకు నీళ్ళు మానడం మంచిది కాదు. షుగరు, బీపీ మందులు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా భోజనం మానొద్దు, వాళ్ళు టీవీనో ఫోనునో మానొచ్చు. మానిన పూట బియ్యం, కూర డబ్బు విడిగా తీసిపెట్టి ఆకలిగా ఉన్నవాళ్ళకు ఇవ్వాలి. యెషయా 58:7 అడిగేది అదే. అది లేకుంటే పూట మిగిలింది తప్ప ఉపవాసం కాలేదు.

జవాబు: పాలమూరు సంఘ పెద్ద

ప్రైజ్ ద లార్డ్ తమ్ముడూ. ఇద్దరూ బాగా చెప్పిన్రు. నేను ఎంపిక సంగతి చెప్త.

1 తిమోతి 3:2 నుంచి 7 దాకా వరుస చదువు. అందుల పనితనానికి సంబంధించింది "బోధింపతగినవాడు" ఒక్కటే. మిగిలినవన్నీ స్వభావం, ఇల్లు, డబ్బు, నోరు, బయట పేరు. 3:6లో కొత్తగా చేరినవాడు వద్దన్నడు, కారణం కూడా చెప్పిండు, గర్వాంధుడైతడని. ఆ మాట ఆ తమ్మునికి శిక్ష కాదు, కాపుదల. మన నల్లగొండ, పాలమూరు సంఘాలు చాలావరకు బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరెన్ మూలాలవి. మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పని మొదలుపెట్టింది 1890లో. మన క్రమంలో తానే ఒప్పుకొని నీళ్ళల్ల ముంచి తీసుకునే బాప్తిస్మం ఉంది, మంచిదే. కానీ దానివల్ల బాప్తిస్మమే గమ్యం అన్నట్టు అయిపోయింది చాలా ఊర్లల్ల. బాప్తిస్మం ఇచ్చేముందు పాఠాలు చెప్తం, ఇచ్చినాక ఒక్కటి చెప్పం. రెండేండ్ల తమ్ముడు వరం మీద నిలబడటానికి తప్పు ఆయనది కాదు, సంఘానిది.

మందిరంలో చూసి మనిషిని తూచొద్దు. పెద్దలిద్దరు కలిసి, నెమ్మదిగా, పేరు పాడుకాకుండా, నాలుగు చోట్ల తెలుసుకోవాలి. ఇంట్ల: ఆయన తప్పు చేసినప్పుడు పిల్లల ముంగట ఒప్పుకుంటడా. బయట: చుట్టుపక్కల విశ్వాసులు కానివాళ్ళు ఏమంటరు, ఇది 3:7లో ఉన్న నియమం, మన ఇష్టం కాదు. అప్పుల దగ్గర: చేబదులు తెచ్చింది, చిట్టీ డబ్బు, చెప్పిన రోజుకు కడతడా, కట్టలేకపోతే తనే పోయి చెప్తడా లేక ఫోను ఎత్తడా. చివరికి, ఆయనతో విభేదించినవాళ్ళ దగ్గర. ఇదే గట్టి పరీక్ష. ఎదిగినవాడంటే తప్పు చెయ్యనివాడు కాదు. తప్పు తెలిసినాక తిరిగి రావడానికి ఎంత కాలం పడుతుందో అది చూడు. ఒకరికి గంట, ఒకరికి వారం, ఒకరికి 25 ఏండ్లు.

పని కోసం ముంబై, పుణె పోయి ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడ ఉండేవాళ్ళు మన జిల్లాల ఉన్నరు. వాళ్ళను క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చూసి అంచనా వెయ్యొద్దు. అక్కడ మేస్త్రీని, తోటి కూలీలను అడగాలి. ఎవరూ చూడని ఊర్ల మనిషి ఎట్ల ఉన్నడో అదే అసలు తూకం.

ఇప్పుడు మాటల్లేని సంగతి. మత్తయి 18:15 నుంచి 17 వరకు మెట్లున్నయి. మొదట ఒంటరిగా పోవాలి. వినకుంటే ఒకరిద్దరిని తోడు తీసుకపోవాలి. అప్పటికీ వినకుంటేనే సంఘానికి చెప్పాలి. మనం దీన్ని తలకిందులు చేస్తం. ముందు వాట్సాప్ గ్రూపుల "ఫలానా బ్రదర్ కొరకు ప్రార్థించండి, ఆయన మనసు మారాలి" అని పెడతం. ప్రార్థన విన్నపం పేరుతో చేసినా అది కొండెమే. యాకోబు 3:2 ప్రకారం మాటలో తప్పనివాడే లోపం లేనివాడు, అందుకే నోరును చివర్ల కాదు, మొదట చూడాలి.

డబ్బు విషయంలో ఒక అలవాటు పెట్టుకోండి. కానుకల పెట్టె ఒక్కరే తెరవొద్దు. ఇద్దరు, అదీ ఒకే ఇంటివాళ్ళు కాకుండా, అదే పూట లెక్కబెట్టి, పుస్తకంల రాసి, ఇద్దరూ సంతకం చెయ్యాలి. 2 కొరింథీ 8:20లో పౌలు ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నానన్నడు, ఒక్కని చేతికి డబ్బు ఇయ్యలే. "నన్ను నమ్మరా?" అని కోపం తెచ్చుకునేవానికి ఆ బాధ్యత ఇంకా బరువే.

దేవరకొండ తమ్ముడు

అన్నలకు, అక్కకు చాలా వందనాలు. రెండు సందేహాలు మిగిలినయి. ఆ రెండేండ్ల తమ్మునికి ఇప్పుడు వద్దని ఎట్ల చెప్పాలి, నొచ్చుకొని వేరే సంఘానికి పోతడేమో. రెండోది, యవ్వనస్థులు చాలామంది అడిగేది: రక్షణ పొందిన కొత్తలో ఉన్న సంతోషం ఇప్పుడు లేదు, ప్రార్థనల కన్నీళ్ళు రావు, వెనకబడ్డమా?

మిర్యాలగూడ వాక్యపాఠం

రెండోదానికి నేను చెబుతాను. ముందు కారణం వెతకాలి. దాచిపెట్టిన పాపం ఉంటే కీర్తన 32:3 చెప్పినట్టు లోపలే ఎముకలు క్షీణిస్తాయి, దానికి మందు ఒప్పుకోలు. నిద్ర లేక, రాత్రి రెండింటిదాకా ఫోను చూసి పొద్దున ప్రార్థనకు కూర్చుంటే పొడిగానే ఉంటుంది, దానికి మందు నిద్ర. ఏలీయాకు 1 రాజులు 19లో దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, పడుకోనిచ్చాడు, మాట తర్వాతే వచ్చింది. ఈ రెండూ కాకపోతే అది వెనకబాటు కాకపోవచ్చు. కీర్తన 88 చివరి దాకా చీకటిలోనే ఉంటుంది, అయినా అది ప్రార్థనే, ప్రార్థనల పుస్తకంలోనే ఉంది. కన్నీళ్ళు రానప్పుడు కూడా చెప్పిన వేళకు కూర్చోవడం, ఆ కీర్తననే తన మాటగా చదవడం, ఇదే "సాధకం". రోజుకు 5 కీర్తనల చొప్పున 30 రోజుల్లో 150 అవుతాయి. ఒక నెల అలా చేయించండి. సంతోషం, ఏడుపు, కోపం, మౌనం, అన్నిటికీ దేవుని ముందు చోటుందని వాళ్ళకే తెలుస్తుంది. నెలలు గడిచినా నిద్ర, ఆకలి లేక బతుకు మీదే ఆశ పోతోందని ఎవరైనా చెబితే మాత్రం ఉపదేశం ఆపి, తోడుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దాన్ని విశ్వాసం తక్కువ కింద చూడొద్దు.

పాలమూరు సంఘ పెద్ద

మొదటిదానికి అపొస్తలుల కార్యములు 18:24 నుంచి 26 చూడు. అపొల్లో గొప్ప వాగ్ధాటి ఉన్నోడు, లేఖనాల్లో ప్రవీణుడు, కానీ యోహాను బాప్తిస్మం ఒక్కటే తెలుసు. అకుల, ప్రిస్కిల్ల ఆయనను సభల నిలబెట్టి దిద్దలే, తమ దగ్గరికి పిలుచుకొని మరి పూర్తిగా వివరించిన్రు. మీరూ అట్లనే ఇంటికి పిలిచి, అన్నం పెట్టి చెప్పండి. "నీకు వరం లేదు" అనొద్దు, ఉంది. "నీ వరానికి వేరు దిగేదాక నీ మీద బరువు పెట్టం, ఏడాది ఫలానా పెద్దతో కలిసి పని చెయ్యి" అనండి. పనులు కూడా పేరు పెట్టి ఇయ్యండి: నెలకు రెండు సార్లు రోగుల ఇండ్లకు పోవడం, సండే స్కూల్ చిన్న తరగతి, ఆరాధన అయినాక చాపలు మడిచి ఊడ్వడం. ఎవరూ చూడని పని కావాలె. స్టేజీ పాట ఆపొద్దు, దాని పక్కన ఈ పనులు పెట్టండి. మూడు నెలలకోసారి కూర్చోబెట్టి మాట్లాడండి. నొచ్చుకొని పోతే తలుపు మూయకండి. పంఫూలియలో పని వదిలిపోయిన మార్కును పౌలు తర్వాత వద్దన్నడు (అపొ. కార్యములు 15:38), చివర్ల ఆయన్నే రప్పించుకున్నడు (2 తిమోతి 4:11).

పెద్దమనిషి సంగతి ఎన్నికకు ముందే తేల్చండి. పాస్టరుగారు, ఇంకొక పెద్ద కలిసి ఆయన ఇంటికి పోయి, మాటల్లేని ఆ ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పి, "మీరే ముందు పోండి, కావాలంటే మేము తోడు వస్తం" అనండి. పోతే మంచిదే. కానీ ఎన్నిక ముంగట ఉందని పోయిండో, మనసారా పోయిండో ఒక్క రోజుల తెలవది, అందుకని మూడు నెలలు చూడండి. పోనంటే పేరు పక్కకు పెట్టండి, గౌరవం మాత్రం తగ్గించకండి.

రెండు స్థానాలూ వచ్చే నెలనే నింపాలని ఏ వచనం లేదు. 1 తిమోతి 5:22 త్వరపడి ఎవరి మీదా చేతులుంచొద్దంటది, అంటే తొందరపడి సేవకు నియమించొద్దని. తగినవాళ్ళు దొరకకుంటే సంఘ పుస్తకంల "పెద్దల ఎంపిక ఆరు నెలలకు వాయిదా" అని ఒక్క వాక్యం రాసి, తేదీ వేసి పాస్టరుగారి సంతకం తీసుకోండి. ఎవరి పేరూ, కారణమూ అందుల రాయకండి.